పాత రైఫిల్‌తో స్వయంశిక్షణ – 5వ పాఠం: మోసిన్ ముందు సైటు జరపడం, తీయడం

పోయిన పాఠం చివర ఇచ్చిన పని చేసే ఉంటారు. మోసిన్-నాగాంట్ 91/30ని, అంటే పాత సోవియట్ సైనిక రైఫిల్‌ని, బెంచి మీద ఆన్చి, వెనక సైటు (గురి చూసే గుర్తు) 100 మీటర్ల గీత మీద పెట్టి, 100 మీటర్ల దూరంలో ఉన్న కాగితం మీద ఒకేచోట గురిపెట్టి నాలుగు తూటాలు కాల్చమన్నాను. ఈ పాఠానికి ముడిసరుకు ఆ కాగితమే. అది లేనివాళ్లు పాఠం చదువుకోవచ్చు గానీ సుత్తి మాత్రం ముట్టుకోవద్దు.

ముందు ఆ నాలుగు చిల్లుల నడిబొడ్డు ఎక్కడో తేల్చాలి. కంటికి తోచినచోట చుక్క పెట్టేస్తే చాలదు. సోవియట్ సైన్యంలో నేర్పిన పద్ధతి ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు చిల్లులని స్కేలు పెట్టి గీతతో కలపండి. ఆ గీత మధ్యలో చుక్క పెట్టండి. ఆ చుక్క నుంచి మూడో చిల్లుకి గీత గీసి, దాన్ని మూడు భాగాలు చేసి, చుక్కకి దగ్గరున్న మొదటి భాగం చివర రెండో చుక్క పెట్టండి. అక్కణ్ణుంచి నాలుగో చిల్లుకి గీత గీసి, ఈసారి నాలుగు భాగాలు చేయండి. రెండో చుక్కకి దగ్గరగా ఉన్న భాగం చివర పెట్టే చుక్కే మీ గ్రూపుకి, అంటే ఆ చిల్లుల గుంపుకి, నడిబొడ్డు. గురిపెట్టిన చోటు నుంచి అది పక్కకి ఎన్ని సెంటీమీటర్లుందో, పైకో కిందికో ఎన్ని సెంటీమీటర్లుందో విడివిడిగా కొలిచి రాసుకోండి. నాలుగింటిలో ఒక చిల్లు మాత్రం మిగతావాటికి మరీ దూరంగా ఉంటే దాన్ని పక్కన పెట్టి మూడింటితోనే లెక్కకట్టండి. రెండు చిల్లులు అలా దారి తప్పాయంటే మాత్రం తప్పు సైటుది కాదు, ఇంకెక్కడో ఉంది. అలాంటప్పుడు రైఫిల్ కర్ర భాగాన్ని పట్టి ఉంచే స్క్రూలు బిగించుకుని, మళ్లీ రేంజికి వెళ్లి కాల్చి రండి.

ఇక బయొనెట్ (గొట్టం చివర తగిలించే కత్తి) సంగతి. ఈ ఒక్క విషయం తెలియక ఎంతోమంది తమ రైఫిల్ వంకరదని తిట్టుకుంటారు. 91/30కి నాలుగు పలకల సూది బయొనెట్ ఉంటుంది. సోవియట్ సైనికుడికి దాన్ని రైఫిల్‌కి తగిలించి ఉంచడమే అలవాటు, అందుకే ఫ్యాక్టరీలో సైటు సరిచేసింది కూడా బయొనెట్ ఉండగానే. గొట్టం చివర అంత బరువు వేలాడుతుంటే తూటా బయటికి వచ్చే క్షణంలో గొట్టం అదిరే తీరే మారిపోతుంది. బయొనెట్ తీసి కాలిస్తే గ్రూపు పక్కకి జరగడానికి కారణం అదే. M44 కార్బైన్ (మోసిన్‌లోనే పొట్టి రకం) ఉన్నవాళ్లకీ ఇదే కథ, దాని మడత బయొనెట్ తెరిచి ఉంచి సరిచేశారు. కాబట్టి ఒక నిర్ణయానికి రండి. బయొనెట్ పెట్టి కాల్చేవాళ్లయితే ముందు అలా కాల్చి చూడండి, అసలు సైటుతో పనే పడకపోవచ్చు. రేంజిలో అంత పొడుగు సూదితో తిరగడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి బయొనెట్ లేకుండానే సరిచేసుకుందాం అంటారా, అయితే ఈ పాఠం మీకే.

పైకి కొట్టడం గురించి కూడా ఒక మాట. చాలా 91/30లు 100 మీటర్ల దగ్గర అర జానెడు పైకి కొడతాయి. అది లోపం కాదు. సైనికుడు సైటుని 300 మీటర్ల దగ్గర పెట్టేసి ఎదుటివాడి నడుముకి గురిపెడితే, దగ్గరున్నా దూరమున్నా తూటా ఒంట్లో ఎక్కడో ఒకచోట తగలాలన్నది అప్పటి లెక్క. కాగితం మీద నల్ల చుక్క నడిమికి కొట్టాలన్న సరదా మనది.

దిక్కు విషయంలో అందరూ తికమకపడతారు. వెనక సైటుని తూటా ఎటు పోవాలో అటు జరుపుతాం. ముందు సైటుకి దీనికి సరిగ్గా తలకిందులు, తూటా ఎటు పోతోందో సైటుని అటే జరపాలి. తూటా కుడికి పోతుంటే ముందు సైటు కుడికి. తూటా పైకి పోతుంటే ముందు సైటు ఇంకా ఎత్తు కావాలి. తూటా కింద పడుతుంటే సైటు పొట్టి కావాలి, అంటే ఆకురాయితో అరగదీయాలి. ఈ మూడూ ఒక చీటీ మీద రాసి వైస్ పక్కన అతికించుకోండి. పైకి కొట్టే రైఫిల్ సైటుని అరగదీసి, ఇంకా పైకి కొట్టేలా చేసి, మళ్లీ అరగదీసేవాళ్లు ప్రతి రేంజిలోనూ ఉంటారు.

ఎంత జరపాలన్నది ఒక చిన్న త్రైరాశికం. 91/30లో వెనక సైటు నుంచి ముందు సైటు దాకా దూరం 622 మి.మీ. 100 మీటర్లంటే లక్ష మి.మీ. లక్షని 622తో భాగిస్తే దాదాపు 160 వస్తుంది. అంటే ముందు సైటు 1 మి.మీ జరిగితే 100 మీటర్ల దగ్గర తూటా 16 సెంటీమీటర్లు జరుగుతుంది. మీ గ్రూపు కుడికి 12 సెంటీమీటర్లుంటే 12ని 16తో భాగించండి. సైటు కుడికి 0.75 మి.మీ జరగాలి, అంతే. చూపుడువేలి గోరు మందం కంటే కాస్త ఎక్కువ. M38, M44 కార్బైన్లలో సైట్ల మధ్య దూరం 416 మి.మీ మాత్రమే కాబట్టి అక్కడ 1 మి.మీకి 24 సెంటీమీటర్లు వస్తుంది. అమెరికాలో చాలా రేంజిలు గజాల్లో ఉంటాయి. 100 గజాలంటే 91.4 మీటర్లు కాబట్టి 91/30కి 1 మి.మీకి 14.7 సెంటీమీటర్లు, అంటే 5.8 అంగుళాలు వేసుకోండి.

ఈ లెక్క ఏ రైఫిల్‌కైనా ఒక్కటే, మారేది సైట్ల మధ్య దూరమే. ఎన్‌సీసీలో త్రీ నాట్ త్రీ పట్టినవాళ్లకి ఫోర్‌సైట్ టిప్, బ్యాక్‌సైట్ అన్న మాటలు గుర్తుండే ఉంటాయి. అదీ ఇదే సూత్రం. ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకి ఒక హెచ్చరిక. అక్కడ .303, 7.62 బోర్లు సామాన్యులకి నిషిద్ధం. మీ లైసెన్సు మీద ఉన్నది ఇషాపూర్ .315 అయితే పై లెక్క కట్టుకోండి, సుత్తి పని మాత్రం రిపేరు లైసెన్సున్న తుపాకుల షాపుకి అప్పజెప్పండి.

ఇప్పుడు రైఫిల్ బయటికి తీయండి. మ్యాగజైన్ ఖాళీ చేసి, బోల్టు పూర్తిగా ఊడదీసి, వేలు పెట్టి చేంబర్ (తూటా కూర్చునే చోటు) తడిమి చూడండి. బోల్టుని వేరే గదిలో పెడితే మరీ మంచిది.

గొట్టం చివర పైన ఒక దిమ్మ ఉంటుంది. బయొనెట్ ఉంగరానికి అదే ఆనిక. దిమ్మలో అడ్డంగా డవ్‌టెయిల్ గాడి (అడుగు వెడల్పు, పైన ఇరుకు), గాడిలో కూర్చున్న చిన్న పీఠం, ఆ పీఠం మీద గుండ్రటి గూడు, గూటిలో నిలబడ్డ సన్నటి పిన్ను. మీరు చూసే ముందు సైటు ఈ పిన్నే. దీపం పక్కనుంచి పడేలా పెట్టి దిమ్మ ముందు ముఖం చూడండి. పీఠం మీంచి దిమ్మ మీదికి ఉలితో కొట్టిన సన్నటి గీత ఒకటి కనబడుతుంది. ఫ్యాక్టరీలో సరిచేసినవాళ్లు వేసిన గుర్తు అది. పైగీత, కిందిగీత ఒకే వరసలో ఉంటే సైటుని తర్వాత ఎవరూ కదపలేదన్నమాట. కొన్నిటిపై కింద రెండు గీతలుంటాయి, ఒకటి పాతబడి మసకగా, ఇంకొకటి పదునుగా. యుద్ధం తర్వాత ఆయుధాగారంలో బాగుచేసినప్పుడు మళ్లీ సరిచేశారని అర్థం. ఈ గీతల్ని చెరపొద్దు, అవి మీ రైఫిల్ జాతకం. ఫోన్‌తో దగ్గర్నుంచి ఫోటో తీసి ఉంచుకోండి.

మీది ఫిన్లాండ్‌వాళ్లు మార్చిన M39 అయితే ఇక్కడితో ఆగండి. దాని ముందు సైటుకి రెండువైపులా స్క్రూలుంటాయి. ఒకటి వదులుచేసి రెండోది బిగిస్తే సైటు జరుగుతుంది. సుత్తి అవసరమే లేదు. ఫిన్నులు తెలివైనవాళ్లు.

మిగతావాళ్లకి కావలసినవి: దవడలకి తోలో చెక్కో వేసిన వైస్, ఇత్తడి పంచ్, ఓ మోస్తరు బరువున్న సుత్తి, డిజిటల్ కాలిపర్స్, తుప్పు వదిలించే నూనె. గొట్టాన్ని దిమ్మకి వీలైనంత దగ్గరగా వైస్‌లో బిగించండి. మడమ (భుజానికి ఆనే చివర) వైపు కింద ఒక పెట్టె పెట్టి ఆనించండి, లేదంటే సగం దెబ్బ రైఫిల్ ఊగడానికే సరిపోతుంది. పీఠం ఎడమ అంచు నుంచి దిమ్మ ఎడమ అంచు దాకా కాలిపర్స్‌తో కొలిచి కాగితం మీద రాయండి. జరిగిన దూరం తెలిసేది ఈ అంకెతోనే.

గాడిలో ఏళ్లనాటి కాస్మోలిన్ (తుప్పు పట్టకుండా పూసిన గ్రీజు) గట్టిపడి గోధుమరంగు లక్కలా పట్టుకుని ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేస్తే కరిగి బుడగలుగా బయటికి వస్తుంది. తుడిచి, నూనె వేసి, రాత్రంతా వదిలేయండి. గ్యాస్ టార్చ్ జోలికి వెళ్లొద్దు, ఇనుము మీది నలుపు పోతే తిరిగి రాదు.

పంచ్ ఎక్కడ ఆనించాలన్నది ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యం. గూటి మీద కాదు. గూడు పల్చటి ఉంగరం, ఒక్క దెబ్బకి కోడిగుడ్డు ఆకారంలోకి వంగుతుంది. దాని కింద, గాడిలో కూర్చున్న పీఠం అంచు మీద పంచ్‌ని గాడి వెంబడి తిన్నగా ఆనించాలి. పంచ్ కొన వెడల్పుగా ఉండి పైకి తగులుతుంటే ఆకురాయితో కొన చదునుచేసుకోండి, ఇత్తడే కదా. మెల్లగా ముప్పైసార్లు తట్టడం కంటే గట్టిగా ఒక పొట్టి దెబ్బ మేలు. తట్టుతుంటే పంచ్ కొన నలిగి పోతుందే గానీ పీఠం కదలదు. ఒక దెబ్బ, ఒక కొలత. 0.75 జరగాల్సినచోట 0.6 వచ్చాక దెబ్బ బలం సగానికి తగ్గించండి. నాలుగు గట్టి దెబ్బలకీ కదలకపోతే ఆపేసి మళ్లీ నూనె వేసి రేపు చూడండి. స్క్రూతో నెట్టే సైటు పుషర్ పనిముట్లు కూడా దొరుకుతాయి. ఒక్క రైఫిల్‌కోసం కొనడం నా దృష్టిలో దండగ, మూడునాలుగున్నవాళ్లు కొనుక్కోవచ్చు.

పక్కకి జరపడమే మీ పనైతే సైటుని పూర్తిగా తీయాల్సిన అవసరం లేదు. గాడి తుప్పుపట్టినా, గూడు వంగిపోయినా, పిన్ను విరిగినా తీయాలి. అప్పుడు ముందు వైపు ఏదో తెలిసేలా గూటికి టేపు ముక్క అంటించి, ఏ వైపు తేలిగ్గా కదులుతోందో ఆ వైపే బయటికి కొట్టండి. తిరిగి ఎక్కించేది కూడా అటునుంచే. బయటికి వచ్చాక గాడిని పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయండి. తిరిగి పెట్టినప్పుడు మూడో వంతు దాకా వేలితో నెట్టగలిగి, మిగతాది పంచ్‌తో పోవాలి. మరీ బిగుసుగా ఉంటే పీఠం అడుగు అరగదీయండి, దిమ్మ గాడిని మాత్రం ముట్టుకోవద్దు. పీఠం పాడైతే ఇంకోటి దొరుకుతుంది, దిమ్మ గొట్టంతో పాటు వచ్చింది. వదులుగా ఉంటే గాడి అడుగున సెంటర్ పంచ్‌తో రెండు మూడు చుక్కలు కొడితే ఇనుము కాస్త పైకి లేచి పట్టేస్తుంది. దానికీ ఆగకపోతే నీలం లాక్‌టైట్ జిగురు ఒక చుక్క.

ఇక ఎత్తు. మీ గ్రూపు 8 సెంటీమీటర్లు పైన ఉందనుకుందాం. 8ని 16తో భాగిస్తే 0.5, అంటే పిన్ను అర మిల్లీమీటరు పొడుగు కావాలి. పొడుగు పిన్నులు విడిగా అమ్ముతారు, కానీ దానికి ముందు ఒక చవక ఉపాయం. సన్నటి కరెంటు తీగ పైతొడుగుని చిన్న ముక్క కోసి పిన్నుకి తొడగండి. పిన్ను కొనకంటే కాస్త పైకి ఉండేలా పెట్టి, కాల్చి చూస్తూ బ్లేడుతో వెంట్రుకవాసి చొప్పున కోసుకుంటూ రండి. ప్రతి కోతకీ గ్రూపు పైకి ఎక్కుతుంది కాబట్టి మొదట కావలసినదానికంటే పొడుగ్గానే ఉంచాలి. వద్దనుకుంటే లాగి పారేస్తే రైఫిల్ ఎప్పటిలాగే ఉంటుంది. పాత వస్తువుల మీద నాకు నచ్చేది ఇలాంటి పనే. చాలామంది ఈ తొడుగుతోనే ఏళ్ల తరబడి కాలుస్తుంటారు.

గ్రూపు కింద పడుతుంటే మాత్రం ఆకురాయి తప్పదు. సన్నరకం చదును ఆకురాయితో పిన్ను కొన ఒక్కో గీటు మాత్రమే, ప్రతి రెండు గీట్లకీ కొలత. కొన చదునుగా ఉండాలి, అంచు గుండ్రంగా అరిగితే ఎండలో ఒకవైపు మెరిసి గురి తప్పుతుంది. కోసినచోట తళతళలాడే ఇనుముకి కోల్డ్ బ్లూ (ఇనుముని నల్లబరిచే మందు) పూయండి.

సరిచేశాక మళ్లీ అదే బెంచి, అదే దూరం, అదే పెట్టెలోని తూటాలు, నాలుగు కాల్చండి. గొట్టం చేతికి వెచ్చగా తగులుతుంటే చల్లారేదాకా ఆగండి. నడిబొడ్డు గురికి 3 సెంటీమీటర్ల లోపు వచ్చిందంటే ఇక కదపొద్దు, ఆ రైఫిల్ ఆ తూటాలతో సహజంగా చెదిరేదే అంతకంటే ఎక్కువ. పాత సోవియట్ తూటాలు కాల్చి ఉంటే ఇంటికి రాగానే రెండో పాఠంలో చెప్పినట్టు వేణ్ణీళ్లతో గొట్టం కడగడం మర్చిపోవద్దు. వాటి క్యాప్‌లోని (తూటా అడుగున నిప్పు పుట్టించే టోపీలోని) ఉప్పు ఒక్క వానాకాలపు రాత్రికే తుప్పు పట్టిస్తుంది.

సరిచేసిన చోటుకి కొత్త గీత ఉలితో వేయకండి, తెల్ల పెయింటు సన్నగా ఒక గీత చాలు. వచ్చే పాఠం వెనక సైటు మీద. దానికోసం 100, 200 మీటర్ల దగ్గర చెరో నాలుగు తూటాల కాగితాలు తెచ్చి ఉంచుకోండి. 200 మీటర్ల రేంజి దగ్గర్లో లేనివాళ్లు 50, 100 తెచ్చుకున్నా సరిపోతుంది.