కనుమ భోజనానికి టేబుల్: ముందు ఆకు, తర్వాతే పూలు

కనుమ నాడు నెల్లూరు వైపు చాలా ఇళ్లలో చేపల పులుసో, మటనో ఉంటుంది. అందుకే టేబుల్ గుడ్డ కొనేటప్పుడు అందం కన్నా ముందు మరక సంగతి ఆలోచించాలి. తెల్ల గుడ్డ వద్దు. వెంకటగిరి జరీ చీర పరవాలని మనసు పడుతుంది గానీ, పులుసు పడితే దాన్ని గట్టిగా ఉతకలేం. అంత ముచ్చటైతే వెనక గోడకు వేలాడదీయండి. ముదురు మెరూన్ గళ్ల చేనేత నూలు దుప్పటి ఈ పనికి చక్కగా సరిపోతుంది. పాలిస్టర్ తడి పీల్చదు, పైగా దాని మీద అరిటాకు జారుతుంది.

ఆరుగురి టేబుల్ 60×36 అంగుళాలు అనుకుంటే, చుట్టూ 10 అంగుళాలు వేలాడేట్టు 80×56 గుడ్డ కావాలి. ఇంకా కిందికి దిగితే ఒళ్లో చిక్కుకుని, లేచేటప్పుడు ఆకుతో సహా వచ్చేస్తుంది. 90×60 సింగిల్ దుప్పటి తీసుకోండి. నూలు ఉతికితే కుంచించుకుపోతుంది కాబట్టి, ముందు తడిపి ఆరేశాకే కత్తిరించి అంచు కుట్టించండి.

ఎదురెదురు అరిటాకులకే 26 అంగుళాలు పోతాయి. నడుమ మిగిలేది 10. గిన్నెలు అక్కడే పెట్టేట్టయితే పూలు మానేయండి. ఇరుకులో గరిటె తగిలిందంటే గిన్నె తిరగబడుతుంది. గిన్నెలు పట్టుకుని చుట్టూ తిరుగుతూ వడ్డించేట్టయితే 4 అంగుళాల వెడల్పున బంతిపూల వరస వేయండి, నీళ్లలో ముంచి చీమలు దులిపాకే. రేకులు చల్లితే ఫ్యాను గాలికి పులుసులో పడతాయి. లిల్లీపూలు వద్దు, వాటి వాసన కూర ఘుమఘుమను మింగేస్తుంది.

ఆకు కొస తినేవాళ్ల ఎడమచేతి వైపు ఉండాలి. స్టవ్ సెగకు ఒక్కసారి చూపిస్తే ఆకు మెత్తబడుతుంది, చీలదు. వడ్డనకు ఉదయగిరి చెక్క గరిటెలు పెడితే వేరే అలంకారం అక్కర్లేదు. వాటిని నానబెట్టకుండా వెంటనే కడిగి, తుడిచి నీడన ఆరబెట్టండి.

పులుసు ఒలికితే రుద్దకండి. పొడి గుడ్డతో అద్ది, శనగపిండి చల్లి పావుగంట ఉంచితే నూనె పీల్చుకుంటుంది. దులిపి, చన్నీళ్లతో సబ్బు పెట్టండి. పసుపు మరక చటుక్కున ఎర్రబడుతుంది. కంగారు పడొద్దు, సబ్బులోని క్షారం వల్ల అలా అవుతుంది, బాగా జాడిస్తే మళ్లీ పసుపుపచ్చకే వస్తుంది. తడి మీదే ఎండలో వేస్తే అదీ చాలావరకు ఎగిరిపోతుంది. మరక పోయేదాకా మాత్రం ఇస్త్రీ పెట్టె తగలనివ్వకండి, వేడికి జిడ్డు దారంలోనే పట్టేస్తుంది.