ఏరోబార్ మీద తిమ్మిరి: సీటు సర్దుకున్న పద్ధతి

ఏరోబార్‌ల (సైకిల్ హ్యాండిల్ ముందు మోచేతులు ఆనించే కడ్డీలు) మీదికి వంగి తొక్కేటప్పుడు తొడల మధ్య తిమ్మిరెక్కుతుంటే, వెంటనే మెత్తటి సీటు కొనకండి. వంగినప్పుడు కటి ముందుకు తిరుగుతుంది. కూర్చునే ఎముకలు మోయాల్సిన బరువు ముందున్న నరాల మీద, రక్తనాళాల మీద పడుతుంది. మరీ మెత్తటి సీటులో ఎముకలు దిగబడి, మధ్యభాగం పైకి ఉబికి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

నేను ముందు సరిచేసింది ఎత్తు. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలి వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలి. వెనకనుంచి చూసినప్పుడు నడుము అటూ ఇటూ ఊగుతోందంటే సీటు ఎత్తు ఎక్కువైనట్టే. ఒరుపులు అక్కడే మొదలవుతాయి. 3 మిల్లీమీటర్ల చొప్పున దించుతూ రావాలి. తర్వాత వాలు: సీటు మీద రసమట్టం పెట్టి ముక్కును, అంటే దాని ముందు కొనను, 1-2 డిగ్రీలు కిందికి. మరీ వంచితే ఒళ్లు ముందుకు జారి భారమంతా భుజాలకెక్కుతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

అప్పటికీ తగ్గకపోతే ముక్కు చీలిన సీటు. నాకు అసలు తేడా దానితోనే తెలిసింది.

ట్రై సూట్ (ట్రయథ్లాన్‌లో ఈత, సైకిల్, పరుగు మూడింటికీ వేసుకునే బిగుతు దుస్తులు) కింద లోదుస్తులు వద్దు. పది నిమిషాలకోసారి 20 సెకన్లు పెడల్స్ మీద లేచి నిలబడండి. దిగాక కూడా తిమ్మిరి వదలకపోతే తొక్కడం ఆపి డాక్టరుకు చూపించుకోవాలి.