విద్యాప్రణాళిక రూపకల్పన, బోధనా నాయకత్వం: ఉపాధ్యాయులు పీజీ కోర్సును ఎంచుకొని చదవవలసిన తీరు

తరగతి గదిలో కొన్నేళ్లు గడిపిన ఉపాధ్యాయుల్లో చాలామంది పాఠం ఎలా చెప్పాలన్న ప్రశ్నను దాటి, ఈ పాఠాన్నే ఎందుకు చెప్పాలి, ఈ తరగతిలోనే ఎందుకు చెప్పాలి, దీనికి ముందు ఏది రావాలి, పిల్లలకు వచ్చిందో లేదో ఏ ఆధారంతో తేల్చాలి అన్న ప్రశ్నల దగ్గరికి వస్తారు. విద్యాప్రణాళిక (కరిక్యులమ్) రూపకల్పన, బోధనా నాయకత్వం అనే విభాగంలో స్నాతకోత్తర విద్య ఈ ప్రశ్నల కోసమే ఉంది. జీతం పెరుగుతుందనో పదోన్నతి వస్తుందనో ఈ కోర్సులో చేరేవారూ ఉంటారు, అందులో తప్పేమీ లేదు. అయితే తమ బడిలో తేల్చుకోవలసిన సమస్య ఏదో తెలియకుండా చేరినవారికి కోర్సు పొడవునా అసైన్‌మెంట్లు రాయడమే మిగులుతుంది.

అందుచేత దరఖాస్తు నింపడానికి ముందే ఒక సమస్యను కాగితం మీద పెట్టుకోవాలి. ‘బోధనను మెరుగుపరచాలి’ వంటి వాక్యం దేనికీ పనికిరాదు. ‘మా విద్యార్థులు ఆరో తరగతిలో భిన్నాల లెక్కలు తప్పు లేకుండా చేస్తున్నారు, ఏడో తరగతిలో నిష్పత్తి వచ్చేసరికి అదే భావనను గుర్తుపట్టలేకపోతున్నారు’ అన్నది పనికొచ్చే సమస్య. ఇక్కడ లోపం ఏ ఒక్క ఉపాధ్యాయుడి బోధనలోనూ లేకపోవచ్చు, రెండు తరగతులను కలిపే ప్రణాళికలో ఉండవచ్చు. దాన్ని సరిదిద్దాలంటే ఆ రెండు తరగతుల ఉపాధ్యాయులూ ఒకచోట కూర్చోవాలి, వారిని కూర్చోబెట్టేవారు ఒకరు కావాలి. రూపకల్పననూ నాయకత్వాన్నీ ఒకే కోర్సులో కలిపి చెప్పడానికి కారణం ఇదే.

తరువాత డిగ్రీ రకాన్ని తేల్చుకోవాలి. ఎం.ఎడ్. చాలా చోట్ల వృత్తిలో ఉన్నవారి ఆచరణను దృష్టిలో పెట్టుకొని సాగుతుంది. విద్యాశాస్త్రంలో ఎం.ఏ. సాధారణంగా సిద్ధాంతం వైపు, పరిశోధన వైపు మొగ్గుతుంది. ఈ తేడా విశ్వవిద్యాలయాన్ని బట్టి మారుతుంది కాబట్టి డిగ్రీ పేరు కన్నా పాఠ్యాంశాల జాబితాకే విలువ ఇవ్వాలి. మున్ముందు డాక్టరేట్ చేయాలనుకునేవారు సిద్ధాంత వ్యాసం (డిసర్టేషన్) రాయించే కోర్సును ఎంచుకోవడం మేలు. ఒక విషయంలో మాత్రం గట్టి జాగ్రత్త అవసరం. బోధనా నాయకత్వం వేరు, పాఠశాల పరిపాలన వేరు. ప్రధానోపాధ్యాయ పదవికి ప్రత్యేక అర్హతాపత్రం అడిగే చోట్ల ఈ డిగ్రీ ఒక్కటే సరిపోకపోవచ్చు. కోర్సుకు గుర్తింపు ఉందా, అది తమ ప్రాంతంలో ఏ ఉద్యోగానికి చెల్లుతుంది అన్న ప్రశ్నలకు జవాబును ఫీజు కట్టకముందే లిఖితపూర్వకంగా తీసుకోవాలి.

కోర్సు నాణ్యతను అంచనా వేయడానికి, అది ఈ రంగంలోని వాదోపవాదాలను విద్యార్థుల ముందు ఎలా పెడుతుందో చూడటం మంచి మార్గం. 1949లో అమెరికా విద్యావేత్త రాల్ఫ్ టైలర్ నాలుగు ప్రశ్నలు వేశారు: ఏ విద్యా లక్ష్యాలను సాధించాలి, వాటికి ఏ అనుభవాలు తోడ్పడతాయి, ఆ అనుభవాలను ఏ క్రమంలో అమర్చాలి, లక్ష్యాలు నెరవేరాయని ఎలా తెలుసుకోవాలి. ప్రణాళికను పైనుంచి అందించడం కన్నా ఉపాధ్యాయులే యూనిట్లు తయారుచేసి ప్రయత్నించి చూస్తూ కింది నుంచి నిర్మించాలని 1962లో హిల్డా టాబా వాదించారు. ఉపాధ్యాయుడు తన తరగతికి తానే పరిశోధకుడు కావాలని 1975లో లారెన్స్ స్టెన్‌హౌస్ అన్నారు, లక్ష్యాలను ముందే బిగించి పెట్టే పద్ధతిని ఆయన ప్రశ్నించారు. ఈ ముగ్గురి మధ్య ఉన్న తగువును విప్పి చర్చించే కోర్సు చదవదగ్గది. బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో ఇచ్చిన విద్యా లక్ష్యాల వర్గీకరణను, 2001లో దాన్ని సవరించి సృజనను శిఖరాన నిలిపిన రూపాన్ని బట్టీ పట్టించి, లక్ష్యాలకు తగిన క్రియాపదాల పట్టికను చేతికిచ్చి సరిపెట్టే కోర్సుకు దూరంగా ఉండటమే నయం. పుస్తకంలో లేకపోయినా బడి నడిచే తీరు వల్ల పిల్లలు నేర్చుకునే గుప్త ప్రణాళిక గురించీ, అసలు బోధించకుండా వదిలేసిన విషయాల గురించీ చర్చ ఉందా అన్నది కూడా చూడాలి. రూపకర్త చేసే ప్రతి ఎంపికలో ఒక విలువ దాగి ఉంటుందని అక్కడే అర్థమవుతుంది.

దరఖాస్తు విషయానికి వస్తే, ఉద్దేశ వివరణలో (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) ముందు రాసుకున్న సమస్యనే విస్తరించి రాయాలి. సిఫారసు లేఖలను తమ పాఠాన్ని కళ్లారా చూసినవారి నుంచి తీసుకోవాలి, పెద్ద హోదా ఉన్న అపరిచితుడి సంతకం కన్నా అది బలంగా ఉంటుంది. ఉద్యోగం చేస్తూ చదివేవారు పరీక్షల కాలంలో కోర్సు భారం ఎంత ఉంటుందో ముందే లెక్క వేసుకోవాలి.

చేరిన తరువాత పాటించవలసిన నియమం ఒక్కటే ఉంది: వీలైన ప్రతి అసైన్‌మెంటునూ తమ బడిలోని ఆ ఒక్క సమస్య మీదే చేయాలి. ఉదాహరణకు గ్రాంట్ విగిన్స్, జే మెక్‌టై ప్రచారంలోకి తెచ్చిన వెనుక నుంచి ముందుకు వచ్చే రూపకల్పనను నిష్పత్తి యూనిట్‌కు వర్తింపజేస్తే, మొదట తేల్చవలసింది యూనిట్ ముగిశాక విద్యార్థికి ఏది అర్థమై ఉండాలన్నది. ‘రెండు రాశుల మధ్య గుణకార సంబంధం ఉంటుంది, కూడిక సంబంధంతో దాన్ని పొరబడకూడదు’ అన్నది అలాంటి అవగాహన. రెండో మెట్టుగా, కార్యకలాపాల జోలికి పోకముందే, ఆ అవగాహన ఉన్నవారినీ లేనివారినీ విడదీసే ప్రశ్న తయారుచేయాలి. 2 కప్పుల పొడికి 3 కప్పుల నీళ్లు పోస్తే, 4 కప్పుల పొడికి ఎన్ని పోయాలని అడిగితే, కూడిక దారిలో ఆలోచించే విద్యార్థి 5 అంటాడు, సంబంధాన్ని పట్టుకున్నవాడు 6 అంటాడు. తప్పు జవాబు కూడా విద్యార్థి ఆలోచనను బయటపెట్టేలా ఉన్నప్పుడే అది మంచి ప్రశ్న. ఇవి రెండూ కుదిరాక మాత్రమే పాఠ పథకాలు రాయాలి. అనుభవజ్ఞులకు ఈ వరుస మొదట్లో చిరాకు తెప్పిస్తుంది, ఎందుకంటే వారి దగ్గర నచ్చిన కార్యకలాపాలు అప్పటికే సిద్ధంగా ఉంటాయి, వాటికి లక్ష్యాన్ని తరువాత అతికించడం అలవాటైపోయి ఉంటుంది.

కోర్సులో రెండో సగమైన నాయకత్వం ఇంతకన్నా కష్టమైనది. ఫిలిప్ హాలింగర్, జోసెఫ్ మర్ఫీ అనే పరిశోధకులు 1985లో బోధనా నాయకత్వాన్ని మూడు పాయలుగా చూపారు: పాఠశాల ధ్యేయాన్ని నిర్వచించడం, బోధనా కార్యక్రమాన్ని నిర్వహించడం, నేర్చుకోవడానికి అనువైన వాతావరణాన్ని పెంచడం. వారు ప్రిన్సిపాళ్ల పని చూసి చెప్పిన మాటలివి. హోదా లేని ఉపాధ్యాయుడికి ఆజ్ఞాపించే అధికారం ఉండదు కనుక సహోద్యోగుల నమ్మకమే ఆధారం. జపాన్‌లో జుగ్యో కెంక్యూగా పేరుపడిన పాఠ అధ్యయన పద్ధతి ఇందుకు బాగా పనికొస్తుంది. అక్కడ కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠాన్ని తయారుచేస్తారు, ఒకరు బోధిస్తుంటే మిగిలినవారు విద్యార్థులను గమనిస్తారు, తరువాత అందరూ కూర్చొని పాఠాన్ని విశ్లేషిస్తారు. పాఠం అందరిదీ కాబట్టి విమర్శ బోధించినవారి మీదికి పోదు. మొదటిసారి చేసేటప్పుడు తన పాఠాన్నే పరిశీలనకు పెట్టడం మంచిది. ఇతరుల తరగతిలోకి నోట్‌బుక్‌తో అడుగుపెట్టేవారిని ఎవరైనా తనిఖీ అధికారిగానే చూస్తారు.

చివరి ప్రాజెక్టుగా చాలా కోర్సులు చర్యాత్మక పరిశోధనను అడుగుతాయి. ప్రణాళిక, అమలు, పరిశీలన, పునరాలోచన, మళ్లీ ప్రణాళిక అన్న చక్రంగా అది సాగుతుంది. ప్రశ్న ఇరుకుగా ఉండాలి: ఒక యూనిట్, ఒక తరగతి, ఒక మార్పు. తన విద్యార్థుల మీద తానే పరిశోధన చేసేటప్పుడు వారు కాదనలేని స్థితిలో ఉంటారన్న సంగతి మరువరాదు. విశ్వవిద్యాలయ నైతిక పరిశీలక సంఘం అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం, మార్కులకూ పరిశోధనకూ సంబంధం లేదన్న స్పష్టమైన హామీ సమాచార సేకరణ మొదలుపెట్టే ముందే ఉండాలి. అనుమతి రావడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి ప్రశ్న కుదిరిన వెంటనే దరఖాస్తు పెట్టుకోవాలి.

తయారైన యూనిట్‌ను ప్రాజెక్టుగా సమర్పించే ముందు, దాని రూపకల్పనలో పాలుపంచుకోని ఒక సహోద్యోగికి ఇచ్చి, నోటిమాటగా ఏ వివరణా చేర్చకుండా బోధించమని కోరాలి. ఆయన ఎక్కడ ఆగి సందేహం అడిగారో, ఏ కార్యకలాపాన్ని వదిలేశారో, ఏ ప్రశ్నను తన మాటల్లో మార్చుకున్నారో రాసుకొని, ఆ చోట్లనే తిరిగి దిద్దాలి.