జీపు అరుపు మాన్పించాను

అనంతపురం నుంచి కర్నూలుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే, గంటకు 60 కిలోమీటర్లకే నా పాత డీజిల్ జీపు గొంతు చించుకునేది. గుత్తి చేరేసరికి చెవుల్లో హోరు.

ఇంజనులో లోపం లేదు. అనుమానం ఇరుసు పళ్ల నిష్పత్తి మీద, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇరుసులోకి ఎన్ని చుట్లు రావాలన్న లెక్క మీద; అది ఎక్కువైతే ఇంజను ఎక్కువ తిరగాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, వెనుక చక్రం ఒకదాన్ని జాకీతో లేపి సరిగ్గా రెండు చుట్లు తిప్పాను. రెండో చక్రం నేల మీద కదలకుండా ఉంటుంది కాబట్టి, ఈ రెండు చుట్లు ఇరుసు లెక్కలో ఒక్క చుట్టే. సుద్దగీత పెట్టిన ప్రొపెల్లర్ షాఫ్టు (గేరుబాక్సు నుంచి ఇరుసును తిప్పే కడ్డీ) ఐదు చుట్లు దాటి ఇంకా మూడో వంతుకు పైగా తిరిగింది. అంటే 5.38 నిష్పత్తి: ఇరుసులోని పెద్ద పళ్లచక్రం క్రౌనుకు 43 పళ్లు, దాన్ని తిప్పే చిన్న చక్రం పినియనుకు 8.

47కు 11 పళ్ల జత, అంటే 4.27, రెండు ఇరుసులకూ వేయించాను. వెనుక దానికే వేసి డబ్బు మిగుల్చుకోవాలనిపించింది గానీ, నిష్పత్తులు వేరైతే ఫోర్ వీల్ వేయగానే (నాలుగు చక్రాలనూ ఇంజను తిప్పేలా పెట్టగానే) ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. మొదటి మెకానిక్ హడావిడిగా బిగించాడు, పళ్లు ఊళ పెట్టాయి. రెండోసారి షిమ్ములు (పళ్ల మధ్య ఎడం సరిచేసే పలుచని రేకులు) మారుస్తూ, పళ్లకు రంగు పూసి తిప్పుతూ, మరక పంటి నడుమ పడేదాకా పక్కనే కూర్చున్నాను.

ఇప్పుడు అదే వేగానికి ఇంజను చుట్లు ఐదో వంతు తగ్గాయి. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ముందుగానే మూడో గేరుకు దిగాలి. స్పీడోమీటరు ఇంకా పాత నిష్పత్తి లెక్కనే చూపుతూ అబద్ధమాడుతోంది: 50 చూపిస్తే నిజానికి 63. దాన్ని సరిచేసే పళ్లచక్రం ఇంకా దొరకలేదు.