ట్రాక్టర్ సొంత రిపేరు, పాఠం 3: పట్టేసిన లెవలింగ్ హ్యాండిల్

పోయిన పాఠంలో టాప్ లింకు, అంటే ట్రాక్టర్ వెనక పనిముట్టును పైనుంచి పట్టి ఉంచే కడ్డీ, ఊడదీయడం చూశాం. తర్వాత ఎక్కువమంది రాసిన కష్టం ఒకటే: "ఒక కొన వచ్చేసింది, రెండో కొన తిప్పేకొద్దీ ఇంకా బిగుసుకుంటోంది." ఆ రెండో కొనది ఎడమ మర. ఈ మాట అక్కడ ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోవడం సరిపోలేదు. అది తేలకుండా ఈ పాఠం మొదలుపెట్టి లాభం లేదు.

టాప్ లింకు నడిమి గొట్టానికి ఒక పక్క కుడి మర, ఇంకో పక్క ఎడమ మర ఉంటాయి. అందుకే గొట్టాన్ని ఒక దిక్కుకు తిప్పితే రెండు కొనలూ ఒకేసారి బయటికొస్తాయి, ఎదురు దిక్కుకు తిప్పితే ఒకేసారి లోపలికి పోతాయి. ఊడదీసేటప్పుడు గొట్టాన్ని వైసులో బిగించి, విప్పాల్సిన కొనకు ఎదురుగా నిలబడండి. కుడి మర గడియారం ముల్లుకు ఎదురు తిప్పితే వదులవుతుంది. ఎడమ మర ముల్లు తిరిగే దిక్కుకే తిప్పితే వదులవుతుంది. ఏది ఏదో జ్ఞాపకం మీద నమ్మొద్దు. వైరు బ్రష్షుతో మూడు నాలుగు మరలు తెల్లగా తోమి, రాడ్డును నిట్టనిలువుగా పట్టుకుని చూడండి. గీతలు కుడివైపుకు ఎక్కుతుంటే కుడి మర, ఎడమవైపుకు ఎక్కుతుంటే ఎడమ మర. రాడ్డును తలకిందులు చేసినా ఈ గుర్తు మారదు. తెలిసిన వెంటనే ఎడమ కొన మీద సుద్దముక్కతో "ఎ" అని రాసేయండి.

తప్పు దిక్కుకు బిగించేసినవాళ్లు కంగారు పడొద్దు. ఒక రాత్రి మళ్లీ నూనెలో నానబెట్టి సరైన దిక్కుకు మొదలుపెట్టండి.

ఇక లెవలింగ్ బాక్సు. పనిముట్టును పట్టే కింది లింకును పైకి లేపే కడ్డీని లిఫ్ట్ రాడ్డు అంటారు. కుడి లిఫ్ట్ రాడ్డుకు పైన చిన్న పెట్టె, దానికొక హ్యాండిల్ ఉంటాయి. హ్యాండిల్ తిప్పితే రాడ్డు గొట్టంలో మర తిరిగి, రాడ్డు పొడుగో పొట్టో అవుతుంది. రెక్కనాగలితో దున్నేటప్పుడు కుడి టైరు చాల్లో దిగుతుంది, ట్రాక్టర్ కుడికి వాలుతుంది. ఆ వాలును సరిచేయడానికి కుడి రాడ్డును పొట్టి చేయాలి. సర్దుబాటు కుడి పక్కన పెట్టింది అందుకే. గొర్రు, రోటవేటర్ మాత్రమే తోలేవాళ్లు దీన్ని ఏళ్లతరబడి ముట్టుకోరు, అది అక్కడే పట్టేస్తుంది. మన తిరుపతి, చిత్తూరు పక్కల దమ్ము చేసిన బురద, అక్టోబరు తర్వాత పడే వానలు కలిసి పై మర మీదుగా జారి ఆ గొట్టంలో నిలుస్తాయి. తుప్పు అక్కడ మొదలవుతుంది.

ముందు ఎక్కడ పట్టిందో చూడండి. హ్యాండిల్ కొంచెం అటూ ఇటూ ఆడి టక్కున ఆగితే పెట్టెలోని పళ్ల చక్రాలు బాగానే ఉన్నాయి, మర పట్టింది. హ్యాండిల్ అసలు కదలకపోతే లోపలి గ్రీజు గట్టిపడి ఉండొచ్చు. అప్పుడు మూత తీసి డీజిల్‌తో కడగండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే చెడ్డ అలవాటు గురించి. హ్యాండిల్‌కు మీటరు పొడవు పైపు తొడిగి లాగడం. దయచేసి చేయొద్దు. జానెడు హ్యాండిల్‌ను మీటరు చేస్తే బలం నాలుగైదు రెట్లవుతుంది. అదంతా ముందు పడేది తుప్పు మీద కాదు, పెట్టెలోని చిన్న పళ్ల మీద, హ్యాండిల్‌ను పట్టి ఉంచిన సన్నని పిన్ను మీద. మర అట్లాగే ఉంటుంది, పళ్లు రాలిపోతాయి. "మెల్లగా లాగాం" అంటారు. మెల్లగా లాగినా బలం బలమే. "పిన్ను విరిగితే ఇంకోటి వేస్తాం" అంటారు. పిన్నుకు ముందు పన్ను విరిగితే ఏం చేస్తారు? హ్యాండిల్ తిప్పడానికే, పట్టు విడిపించడానికి కాదు. పట్టును గొట్టం దగ్గరే విడిపించాలి.

పనిముట్టు నేల మీదికి దించి, ఇంజిన్ ఆపి, తాళం తీసుకుని, రాడ్డు ఊడదీయండి. పిన్నులు పీకడం మీకు తెలిసిందే. విప్పేముందు బయట కనిపించే మరలు లెక్కపెట్టి రాసుకోండి. అసిటోన్, పవర్ స్టీరింగ్ ఆయిలు సగం సగం కలిపి, వాడిన ప్రతిసారీ కుదిపి, మర నోట్లో పోయండి. ఒక రోజంతా నిలబెట్టండి. రెండూ విడిపోతాయి కాబట్టి కుదపడం మరవొద్దు. మంటకు దూరంగా ఉంచాలని మళ్లీ చెప్పక్కర్లేదు.

కదలకపోతే వేడి. నూనె పూర్తిగా తుడవండి. గ్రీజు నిపిల్ (గ్రీజు ఎక్కించే చిన్న ముక్కు) తప్పకుండా విప్పేయండి. మూసిన గొట్టంలో గ్రీజు, నీళ్లు మరిగితే పేలుతుంది. మంట గొట్టానికే చూపించండి, పెట్టెకు కాదు, అక్కడ సీలూ పళ్లూ పాడవుతాయి. ఎర్రబడేదాకా కాల్చొద్దు. ఇనుము నీలిరంగుకు తిరిగితే చాలు. మంట తీసి కొంచెం చల్లారాక, మర నోటికి కొవ్వొత్తి తాకించండి. మైనం కరిగి లోపలికి పీల్చుకుంటుంది. బజారులో కొనే స్ప్రేలకంటే ఇది మేలనేది నా అభిప్రాయం. తర్వాత గొట్టానికి ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, ఎదురు పక్కన చిన్న సుత్తితో చుట్టూ కొట్టండి. నీళ్లు చల్లొద్దు.

రాడ్డు కొనన రెండుగా చీలి ఉండే ఫోర్కును వైసులో పట్టి, ముందు బిగించే దిక్కుకు కొంచెం తిప్పండి, తర్వాత విప్పే దిక్కుకు. ఎనిమిదో వంతు చుట్టు వచ్చిందంటే గెలిచినట్టే. నూనె పోసి ముందుకూ వెనక్కూ ఆడించండి, ఒక్కసారిగా విప్పేయొద్దు, తుప్పు పొడి మరల్లో చిక్కి మళ్లీ పట్టేస్తుంది. మరల మీద మాత్రం పైపు రెంచి పెట్టొద్దు.

బిగించేటప్పుడు లిథియం గ్రీజు రాయండి. 25 మి.మీ. మర అయితే తక్కువలో తక్కువ 40 మి.మీ. లోపల ఉండాలి. పైన సైకిల్ ట్యూబు ముక్క తొడిగి పై అంచు మాత్రమే కట్టండి, కింద తెరిచి ఉంచితే తేమ నిలవదు.

సాధన: గొర్రు తగిలించి, సిమెంటు గచ్చు మీద ట్రాక్టర్ నిలిపి, పనిముట్టును నేల మీద ఆనించకుండా లేపి, రెండు కింది లింకుల కొనల్లో ఉండే బంతుల ఎత్తు టేపుతో కొలవండి. హ్యాండిల్‌ను ఐదైదు చుట్లు తిప్పుతూ కుడి బంతి ఎంత లేచిందో ప్రతిసారీ రాయండి. పది కొలతలు కావాలి. కొలిచేటప్పుడు గొర్రు కిందికి ఎవరూ పోకూడదు. ఆ కాగితం దాచుకోండి, కింది లింకులు పక్కలకు ఊగకుండా పట్టే చెక్ చైన్ల పాఠంలో వాడతాం.