1828 ఎడిన్‌బరో (స్కాట్లండ్) నేపథ్యంగా గోథిక్ (భయం, మాయ కలగలిసిన) ప్రేమ నవల రాయడం ఎలా?

ముందు ఏడాదిని ఖాయం చేసుకోండి. ‘పాతకాలం’ అంటే చాలదు. 1828లో ఎడిన్‌బరో వైద్య పాఠశాలలకు చట్టప్రకారం దొరికే శవాలు చాలేవి కావు. సమాధులు తవ్వి అమ్మే దొంగలుండేవాళ్లు. బర్క్, హేర్ అనే ఇద్దరైతే అమ్మకం కోసమే 16 మందిని చంపారు. సమాధి దొంగలకు భయపడ్డ జనం సమాధుల మీద ఇనుప బోనులు బిగించారు, రాత్రుళ్లు కాపలా పెట్టారు. 1832లో వైద్య పాఠశాలలకు శవాలు చట్టప్రకారం దొరికేలా చేసిన అనాటమీ చట్టం వచ్చింది. కథ దానికి ముందే ముగియాలి.

మాయను ఈ భయంలోంచే పుట్టించండి. శవం తాకితే చనిపోయినవారి చివరి మాట వినిపించే కాపలాదారు కూతురు, పదిహేడేళ్లది, అనుకోండి. విన్న ప్రతిసారీ తన జ్ఞాపకం ఒకటి పోవాలి. మూల్యం లేకపోతే ఏ చిక్కునైనా మాయే విప్పేస్తుంది, ఉత్కంఠ చచ్చిపోతుంది.

ప్రేమికుడు వైద్య విద్యార్థి. అతని గురువు శవాలు కొంటాడని ఆమెకు సగం దాటాక, అరవై శాతం దగ్గర తెలియాలి. మొదట్లోనే చెబితే ప్రేమ నిలవదు, చివర్లో చెబితే తేల్చుకునే చోటుండదు.

ఎక్కువ మంది తప్పు చేసేది వెలుతురు దగ్గరే. గీస్తే వెలిగే అగ్గిపుల్ల 1827లోనే ఇంగ్లండ్‌లో అమ్మకానికి వచ్చినా అప్పటికింకా కొత్త సరుకే; ఈ పిల్ల చేతిలో చెకుముకి రాయే ఉండాలి. కొవ్వొత్తి ఆరితే మళ్లీ వెలిగించడానికి పట్టే ఆ కాసేపే మీ భయానక దృశ్యం. విక్టోరియా రాణిని తేవద్దు, ఆమె 1837లో గద్దెనెక్కింది.