సీఓపీడీ ఉన్నవాళ్లు రిపోర్టులో ఇసినోఫిల్ సంఖ్యను చూసుకోవడం ఎలా?

సీఓపీడీ అంటే ఊపిరి గొట్టాలు ఇరుకై, ఆయాసం వదలని జబ్బు. దానికి వాడే ఇన్‌హేలర్‌లో స్టెరాయిడ్ ఉండాలా, వద్దా? సగం జవాబు రక్తకణాల్ని లెక్కపెట్టే మామూలు సీబీసీ రిపోర్టులోనే, ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాల సంఖ్యలో ఉంటుంది. మిగతా సగం, గత ఏడాదిలో ఆయాసం ఎన్నిసార్లు ముదిరిందన్నది.

ఏళ్ల తరబడి బీడీ పొగో, కట్టెల పొయ్యి పొగో పీల్చిన ఊపిరితిత్తుల్లోకి తెల్ల రక్తకణాలు గుంపులుగా వచ్చి చేరతాయి. ఎక్కువ మందిలో న్యూట్రోఫిల్స్‌దే పైచేయి. అవి వదిలే ఎలాస్టేస్ అనే ఎంజైమ్ గాలి గదుల గోడల్లోని సాగే పీచును అరగదీస్తుంది. మాక్రోఫేజ్‌లు కూడా పెరుగుతాయి గానీ సూక్ష్మజీవుల్ని మింగే పని సరిగ్గా చెయ్యలేవు, అందుకే ఇన్ఫెక్షన్లు తిరగబెడుతుంటాయి. ఈ రెండింటి మీదా స్టెరాయిడ్ పెద్దగా పనిచెయ్యదు. ఇసినోఫిల్స్ మాత్రం స్టెరాయిడ్ తగిలితే చచ్చిపోతాయి. వాపులో వీటి వాటా ఎక్కువున్న వాళ్లకే ఆ మందుతో అసలు లాభం.

రిపోర్టులో ఇసినోఫిల్స్ శాతం చూసి ఆగిపోకండి. మొత్తం తెల్లకణాల సంఖ్యను ఆ శాతంతో గుణించి 100తో భాగించండి. మొత్తం 8,500 ఉండి ఇసినోఫిల్స్ 4 శాతమైతే, మైక్రోలీటరుకు 340. అదే 4 శాతం, మొత్తం 5,500 అయితే 220 మాత్రమే. కొన్ని ల్యాబ్‌లు ఈ అంకెను ఏఈసీ పేరుతో నేరుగా ఇస్తాయి. 0.34 అని కనిపిస్తే 1,000తో గుణించండి. ఇంకో చిక్కు: చాలా ల్యాబ్‌లు 500 దాకా నార్మల్ అనే రాస్తాయి కాబట్టి 340 పక్కన ఏ గుర్తూ ఉండదు. సీఓపీడీ విషయంలో అది ఎక్కువ కిందే లెక్క.

సీఓపీడీకి ప్రపంచమంతా అనుసరించే గోల్డ్ మార్గదర్శకాల ప్రకారం 300, ఆ పైన ఉండి ఆయాసం తరచూ ముదిరే వాళ్లకు ఇన్‌హేలర్ స్టెరాయిడ్ గట్టిగా ఉపయోగపడుతుంది. 100 లోపు ఉంటే లాభం తక్కువ, న్యుమోనియా ముప్పు ఎక్కువ. నడుమ ఉన్నవాళ్లకు ముదిరిన చరిత్రే దారి చూపాలి. ఒకసారి క్షయ వచ్చిపోయినా, న్యుమోనియా పదేపదే వస్తున్నా స్టెరాయిడ్ విషయంలో వెనకా ముందూ ఆలోచించాలి. ఆ సంగతి డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి.

పరీక్ష ఎప్పుడు చేయించామన్నది అంకెను తారుమారు చేస్తుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మింగుతుండగా చేయిస్తే సంఖ్య దాదాపు సున్నాకు పడిపోతుంది. దాన్ని పట్టుకుని స్టెరాయిడ్ అక్కర్లేదనుకోవడం తరచూ జరిగే పొరపాటు. జ్వరంతో ఆస్పత్రిలో చేరినప్పటి రిపోర్టూ పనికిరాదు. మాత్రల కోర్సు అయిపోయి, ఆయాసం కుదుటపడిన మూడు నాలుగు వారాలకు చేయించండి. ఇసినోఫిల్స్ ఉదయం తగ్గి రాత్రి పెరుగుతాయి, కాబట్టి రెండోసారి కూడా అదే వేళకు వెళ్లండి. 280 ఒకసారి, 320 ఒకసారి వస్తే కంగారు అక్కర్లేదు, ఆ మాత్రం ఊగిసలాట మామూలే.

మన దగ్గర ఇంకో మెలిక ఉంది. కడుపులో నులిపురుగులు, అలర్జీ, కొన్ని మందులు కూడా ఇసినోఫిల్స్‌ను పెంచుతాయి. 3,000 దాటి, రాత్రిపూట పొడిదగ్గు, పిల్లికూతలు ఉంటే ఫైలేరియా వల్ల వచ్చే ట్రాపికల్ పల్మనరీ ఇసినోఫిలియాను అనుమానించాలి. దానికి డీఈసీ మాత్రలతో వేరే వైద్యం ఉంది. కాబట్టి అంకె మరీ ఎక్కువొస్తే ముందు మల పరీక్ష, అవసరమైతే ఫైలేరియా పరీక్ష చేయించాలి. అంతకన్నా ముందు, జబ్బు సీఓపీడీయేనని స్పైరోమెట్రీతో, అంటే గొట్టంలోకి ఊది చేసే పరీక్షతో, తేలి ఉండాలి: ఊపిరి గొట్టాలు తెరిచే మందు (బ్రాంకోడైలేటర్) పీల్చాక కూడా, మొదటి సెకనులో ఊదిన గాలికి (ఎఫ్‌ఈవీ1), మొత్తం ఊదిన గాలికి (ఎఫ్‌వీసీ) నిష్పత్తి 0.7 లోపే ఉండాలి. అది లేకుండా ఇసినోఫిల్ లెక్క వేసి లాభం లేదు.

స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ మొదలుపెడితే, పీల్చిన ప్రతిసారీ నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మెయ్యాలి, మింగకూడదు. లేకపోతే నాలుక మీద తెల్లటి ఫంగస్ పొర, గొంతు బొంగురు. బాగానే ఉంది కదా అని సొంతంగా మానెయ్యకండి: 300 పైన ఉన్నవాళ్లు స్టెరాయిడ్ ఆపితే ఆయాసం మళ్లీ ముదిరే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువ. 100 లోపు ఉండి, న్యుమోనియా వచ్చి ఉంటే మాత్రం, దాన్ని తీసేసి రెండు రకాల బ్రాంకోడైలేటర్లు కలిపిన ఇన్‌హేలర్‌కు మారొచ్చా అని డాక్టర్ని అడగండి. వెళ్లేటప్పుడు పాత సీబీసీలన్నీ తేదీల వారీగా పట్టుకెళ్లండి, ఏ రిపోర్టు స్టెరాయిడ్ మాత్రల మీద ఉండగా తీసిందో పక్కన పెన్నుతో రాసి మరీ.